డైరీ రాస్తుంటే మనసు తేలికపడకపోగా ఇంకా బరువెక్కుతోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

తెనాలి_గూటికి
పెళ్లయి, విడిగా వచ్చేసి, ఇప్పుడు మళ్లీ అమ్మావాళ్లింట్లో ఉంటున్నాను. కేసు నడుస్తోంది, అది వేరే కథ. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే "రోజూ డైరీ రాయండి. మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేయండి. మెల్లగా మిమ్మల్ని మీరు ఒప్పుకోవడం అలవాటవుతుంది" అన్నారు. సరే అని మొదలుపెట్టాను. రాత్రి అందరూ పడుకున్నాక రాస్తాను. రాసేటప్పుడు ఏడుపు, రాశాక తలనొప్పి, ఆ తర్వాత నిద్ర పట్టదు. పాత పేజీలు తిరగేస్తే తారీఖు మారుతోంది తప్ప మ్యాటర్ మారట్లేదు. మొన్నటి పేజీలో ముక్క ఇక్కడ పెడుతున్నాను:

"ఇవాళ కూడా ఏమీ చేయలేదు. పిన్ని ఫోన్ చేసి కాస్త సర్దుకుపోవాల్సింది అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది. నాకు ఓపిక లేదు, వంట రాదు, మాట పడను. నాలాంటిదానికి ఇలాగే అవుతుంది."

రోజూ ఇదే. ఇలా రాసి నేను ఏం బాగుపడతాను? దానికి తోడు అమ్మ "ఏం రాస్తున్నావే అంతంత సేపు" అని అడుగుతోంది. పరుపు కింద పెడితే దుప్పట్లు మార్చేటప్పుడు దొరుకుతుందేమోనని టెన్షన్. యూట్యూబ్‌లో చూస్తే డైరీ తమ జీవితాన్నే మార్చేసిందని అందరూ చెప్తున్నారు. నాకొక్కదానికేనా ఇలా?

మిర్చిబజ్జీ_బ్యాచ్
నేను కొత్త డైరీ ప్రతి ఏడూ జనవరి మొదటి వారంలోనే ఆపేస్తాను. అందుకే కాబోలు మనసు దూదిలా ఉంటుంది.

గోదారిగట్టు
బజ్జీ, ఆవిడ అంత బాధలో అడుగుతుంటే నీ జోకులేంటయ్యా. తెనాలి అమ్మాయీ, నా మాట విని మానెయ్. రోజూ గెలుకుతుంటే ఏ పుండయినా మానుతుందా? మా నాన్న పోయినప్పుడు నన్నూ రాయమన్నారు. కొంచెం రాసి పక్కన పడేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. ఊళ్లో సగం మంది జాకెట్లు నేనే కుట్టాను ఆ ఏడాది. నన్ను నిలబెట్టింది అదే.

కరీంనగర్_పోరడు
అక్కా, గెలకొద్దు సరే. లోపల చీము పడితే ఎట్ల మరి? మా అన్న ఎవ్వరికీ ఏం చెప్పడు, ఏం రాయడు. బీపీ మాత్రలు మింగుతడు, అందరి మీద ఒర్లుతడు.

గోదారిగట్టు
అది మీ అన్న సంగతి. నేను కుట్టుమిషన్ అన్నాను, మూతి ముడుచుకుని కూర్చోమనలేదు.

సగం_సైకాలజీ
ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నాను.

"రాస్తే మనసు కుదుటపడుతుంది" అనే మాట అందరూ అంటారు కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడరు. జేమ్స్ పెన్నెబేకర్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో 46 మంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి, వరసగా నాలుగు సాయంత్రాలు, పూటకి 15 నిమిషాలు రాయించాడు. కొందరికి జీవితంలో బాగా దెబ్బతీసిన సంఘటన గురించి రాయమన్నాడు, కొందరికి ఏదో ఊసుపోని విషయం ఇచ్చాడు. దెబ్బ గురించి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు పాడైంది, బీపీ పెరిగింది. తెనాలి అక్కా, మీరు చెప్పిన ఏడుపూ తలనొప్పీ ఇదే బాపతు. కాకపోతే తర్వాతి ఆరు నెలల్లో, జరిగిందీ దానివల్ల పడిన బాధా రెండూ కలిపి రాసినవాళ్లు కాలేజీ ఆస్పత్రికి తక్కువసార్లు వెళ్లారు. ఈ పేపర్ 1986లో వచ్చింది.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. నాలుగు రోజులు, 15 నిమిషాలు. అంతే. అర్ధరాత్రి దాకా, ఏడాది పొడుగునా, అదే గొడవ రాయమని ఆయన ఎక్కడా అనలేదు. పైగా ఒక విషయం గురించి రాస్తే తట్టుకోలేననిపిస్తే దాని జోలికి పోవద్దనే చెప్తాడు.

సందేహాల_సుబ్బు
46 మంది కాలేజీ పిల్లల్ని చూసి లోకమంతటికీ మందు రాసిచ్చారన్నమాట.

సగం_సైకాలజీ
అక్కడితో ఆగలేదు సుబ్బు గారూ. 1999లో జాషువా స్మిత్ బృందం ఉబ్బసం, కీళ్లవాతం ఉన్న 112 మందిని తీసుకుంది. మూడు రోజులు, రోజుకి 20 నిమిషాలు రాయించారు. నాలుగు నెలల తర్వాత చూస్తే, బాధల గురించి రాసినవాళ్లలో దాదాపు సగం మందికి, మామూలు విషయం రాసినవాళ్లలో పావు వంతు మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. 2006లో జోవాన్ ఫ్రాటరోలి ఇలాంటి 146 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్కగట్టింది. ఫలితం ఉంది, కానీ సగటున చాలా చిన్నది. అంటే మీ సందేహం సగం కరెక్టే. యూట్యూబ్‌లో చెప్పేంత మహత్యం లేదు, అలాగని ఉత్తదీ కాదు.

సందేహాల_సుబ్బు
నా సందేహం సగం కరెక్టని ఒప్పుకున్న మొదటి మనిషివి నువ్వే. ఈ పేజీ స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి పంపాను.

సగం_సైకాలజీ
అక్కా, ఇంకోటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పడమే మంచిది. మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉంది. డేవిడ్ స్బారా అనే ఆయన కొత్తగా భార్యాభర్తలు విడిపోయిన 90 మందితో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. "ఎందుకిలా జరిగింది" అని అదేపనిగా తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లు తమ భావాల గురించి రాస్తే, నెలలు గడిచాక కూడా తేరుకోలేకపోయారు. అదే స్వభావం ఉండి, ఇవాళ ఎక్కడికెళ్లాను, ఏం చేశాను అని పొడిపొడిగా రాసినవాళ్లే బాగా కోలుకున్నారు.

తెనాలి_గూటికి
ఇది చదివి కాసేపు అలా ఉండిపోయాను. తవ్వుకునే స్వభావం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పదో తరగతిలో పోయిన రెండు మార్కుల గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. మరి కౌన్సెలర్ చెప్పింది తప్పా?

సగం_సైకాలజీ
తప్పని నేనెలా అంటాను? రాయమన్నారు, మీరు రాస్తున్నారు. ఇలా అవుతోందని వాళ్లకి తెలియదు కదా. ఇక్కడ పెట్టిన ముక్కే అక్కడ చూపించండి.

రామకోటి_మనవరాలు
మా అమ్మమ్మ రామకోటి రాసేది. గళ్లకి గళ్లు, పేజీకి పేజీ శ్రీరామ శ్రీరామ. పుస్తకాలు నిండాక భద్రాచలం పంపించేవాళ్లం. ఆవిడ పోయాక మిగిలిన ఒక పుస్తకం తీసి చూస్తే గళ్ల పక్కన ఖాళీలో సన్నటి అక్షరాలతో ఏవో రాసుంది. "పెద్దాడు ఈ నెలా పంపలేదు." "కోడలు ముభావంగా ఉంది." "మోకాలు." ఒక గడిలో రాముడి పేరు సగంలో ఆపేసి "విసుగ్గా ఉంది" అని రాసి, మళ్లీ పక్క గడి నుంచి శ్రీరామ. భద్రాచలం వెళ్లిన పుస్తకాల్లో ఇంకా ఏమేం రాసిందో రాములవారికే తెలియాలి.

మిర్చిబజ్జీ_బ్యాచ్
రాములవారి దగ్గర ఇప్పుడు ఆంధ్రదేశంలోని అత్తాకోడళ్ల ఫైళ్లన్నీ ఉన్నాయన్నమాట.

సందేహాల_సుబ్బు
కానీ నామం రాసుకోవడం, డైరీ రాసుకోవడం ఒకటి కాదు. నామం రాసేటప్పుడు ఆలోచన ఆగాలి. డైరీలో ఆలోచనే సరుకు.

రామకోటి_మనవరాలు
ఆవిడకి రెండూ కావాలనుకుంటాను. పేజీలో నామం ఎక్కువ, ఫిర్యాదు కొంచెం. తెనాలి గారి డైరీలో మొత్తం ఫిర్యాదే. అదీ తన మీద తనకే.

నల్లకోటు
ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు. పైన పెట్టిన ఆ ముక్క చదివితే నాకది డైరీలా లేదు, చార్జిషీటులా ఉంది. ముద్దాయి ఉంది, నేరాలు ఉన్నాయి, సాక్షి పిన్ని కూడా హాజరు. ముద్దాయి తరఫున మాట్లాడేవాళ్లే లేరు.

ఆ సంగతి అలా ఉంచి, వృత్తిపరంగా ఒక హెచ్చరిక. కేసు నడుస్తోందన్నారు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, వివాదం తేల్చడానికి పనికొస్తుందని కోర్టు అనుకుంటే ఏ కాగితాన్నయినా తీసుకోవచ్చు. మామూలు సాక్ష్యాల చట్టం ప్రకారం అది చెల్లుతుందా లేదా అన్నది అడ్డుకాదు. "నాకు ఓపిక లేదు, మాట పడను" అని మీ చేతిరాతలో ఉన్న పేజీ అవతలివాళ్ల చేతికి చిక్కితే దాన్ని ఎలా వాడతారో ఊహించుకోండి. కాబట్టి రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకదాంట్లో తారీఖులు, డబ్బు లెక్కలు, ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయండి. విశేషణాలు వద్దు. ఇది మీ లాయరుకి పనికొస్తుంది. రెండోది మీ మనసుది. అది మీ లాయరుకి కూడా చూపించక్కర్లేదు, కానీ అలాంటిదొకటి ఉందని ఆయనకి చెప్పి ఉంచండి.

తెనాలి_గూటికి
ఇది అసలు నా బుర్రలోకే రాలేదు. నిజంగా భయమేసింది.

నల్లకోటు
భయపడమని కాదు. బీరువాకి తాళం వేయమని.

గోదారిగట్టు
అందుకే రాసి కాల్చిపారేయమంటాను. రాయకుండా ఉండలేకపోతే రాసెయ్, పెరట్లో అంటించెయ్.

మిర్చిబజ్జీ_బ్యాచ్
మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒకాయన ఇలాగే కాగితాలు తగలబెడితే పై ఫ్లోరు వాళ్లు వాట్సాప్ గ్రూపులో ఫైరింజన్ దాకా వెళ్లారు. ఆయన బాధ ఏంటో కాలనీ మొత్తానికి తెలిసిపోయింది.

సగం_సైకాలజీ
చింపినా, కాల్చినా, దాచినా ఫర్వాలేదనే పెన్నెబేకర్ కూడా అంటాడు. రాసేది మన కోసం, ఎవరో చదవడానికి కాదు. ఎవరో చదువుతారని మనసులో ఉంటే నిజం బయటికి రాదు.

పాత_ట్రంకుపెట్టె
నేను మాత్రం కాల్చొద్దనే అంటాను. మా నాన్న రైతు. ప్రతి ఏడూ ఏజెంటు ఇచ్చే ఎల్‌ఐసీ డైరీలో రాసేవాడు. "యూరియా 2 బస్తాలు." "కాలవ నీళ్లు రాలేదు." "పెద్దదానికి ఫీజు." మనసు గురించి ఒక్క ముక్క ఉండదు. అమ్మ చనిపోయిన వారం పేజీలు వెతికి చూశాను. కట్టెలకి ఎంత, పంతులికి ఎంత, వచ్చినవాళ్ల భోజనాలకి ఎంత, అన్నీ ఉన్నాయి. పన్నెండో రోజు తర్వాతి పేజీలో "రేపటి నుంచి పాలు అర లీటరు చాలు" అని ఉంది. అంతే. ఆయన నాతో అమ్మ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ డైరీ కాల్చేసి ఉంటే ఆయన గురించి నాకు తెలిసేది సగమే.

సందేహాల_సుబ్బు
ఇప్పటిదాకా వెటకారం చేశాను గానీ దీనికి ఏమనాలో తోచట్లేదు.

కరీంనగర్_పోరడు
సగం_సైకాలజీ చెప్పిన పొడి రాత ఇదే కదన్నా. పెద్దాయనకు ఎవరూ చెప్పకుండనే తెలిసింది.

ఎడిసన్_ఆవకాయ
న్యూజెర్సీలో ఉంటాను. అత్తగారు ఆరు నెలలు ఇక్కడే ఉంటారని డైరీ ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదని ధైర్యం. కానీ రాసింది చూస్తే నా మేనేజరుకి పంపే స్టేటస్ రిపోర్టులా తయారైంది. కోపం వచ్చిన చోట "ఇబ్బంది కలిగింది" అన్నట్టు రాశాను. ఒకరోజు విసుగొచ్చి తెలుగులో రాస్తే మా ఊరి తిట్లతో సహా వచ్చేశాయి. చేతిరాత గజిబిజిగా ఉంది కానీ రాశాక ఊపిరి ఆడింది.

రామకోటి_మనవరాలు
మరి అత్తగారు?

ఎడిసన్_ఆవకాయ
ఫోన్‌లో రాస్తున్నాను ఇప్పుడు, వేలిముద్ర పెడితే గానీ తెరుచుకోదు. ఒక యాప్‌లో రాస్తే అప్‌డేట్ పేరుతో పాతవన్నీ మాయమైపోయాయి, అది వేరే ఏడుపు. ఇప్పుడు మామూలు నోట్స్‌లోనే, తాళం పెట్టి.

గోదారిగట్టు
కాగితమే మేలమ్మా. ఫోన్ తీస్తే డైరీ కంటే ముందు తోటికోడలి స్టేటస్ కనిపిస్తుంది. ఇక మనసు బాగుపడినట్టే.

టీచరమ్మ_విశ్రాంతి
హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇందాకటి నుంచి అన్నీ చదువుతున్నాను. తెనాలి అమ్మాయీ, నీ పేజీ నాకు ఇంకోలా కనిపించింది. "పిన్ని అంది, తప్పేముంది, నాకు ఓపిక లేదు, వంట రాదు". ఈ మాటల్లో నీవెన్ని, నువ్వు విన్నవెన్ని? వంట రాదనేది ఎవరి మాట? ఆ పేజీలోనే ఎవరి మాటో పక్కన రాసి చూడు. మా పిల్లల చేత పాఠంలో వక్త ఎవరు, శ్రోత ఎవరు అని గుర్తించమనేదాన్ని. ఇదీ అదే అభ్యాసం.

ఇంకోటి. నీ పాత క్లాస్‌మేటు ఎవరైనా ఇదే కథ నీకు ఉత్తరంలో రాస్తే, "నీలాంటిదానికి ఇలాగే అవుతుంది" అని జవాబు రాస్తావా? ఏం రాస్తావో అది రాయి. నీ పేరుతో మొదలుపెట్టి రాయి.

సగం_సైకాలజీ
టీచరమ్మ గారు చెప్పిన రెండోది పుస్తకాల్లోనూ ఉంది. క్రిస్టిన్ నెఫ్ అనే సైకాలజిస్టు 2003 నుంచి తన మీద తను దయ చూపడం గురించే పనిచేస్తోంది. దయగల స్నేహితురాలు రాసినట్టు మనకి మనం ఉత్తరం రాసుకోవడం ఆవిడ చేయించే అభ్యాసాల్లో ఒకటి. అలాగే "నేను" అనకుండా మన పేరు పెట్టి, బయటి మనిషి గురించి ఆలోచించినట్టు ఆలోచిస్తే గుండెలో మంట కొంత తగ్గుతుందని ఈథన్ క్రాస్ బృందం చూపించింది.

సందేహాల_సుబ్బు
ఇక్కడ నాకో పేచీ ఉంది. మా ఆఫీసులో ఒకడున్నాడు. అందరి మీదా అరుస్తాడు, మళ్లీ వచ్చి "నన్ను నేను ఇలాగే యాక్సెప్ట్ చేసుకున్నాను" అంటాడు. అంటే మేం భరించాలని. ఈ అంగీకారం, దయ అన్నీ చివరికి అలా తేలవని గ్యారంటీ ఏంటి?

కరీంనగర్_పోరడు
గట్లనే. అద్దం ముంగట నిలబడి "నేను గొప్పోణ్ని" అని రోజూ చెప్పుకునుడు నాకైతే సొంత డబ్బా లెక్కనే కొడుతది.

టీచరమ్మ_విశ్రాంతి
గొప్పదానివని రాసుకోమని నేననలేదు నాయనా. స్నేహితురాలి ఉత్తరంలో "నువ్వు దేవతవి" అని ఉండదు. "ఆ రోజు నువ్వు అలా అరవకుండా ఉండాల్సింది, కానీ అంతకు ముందు మూడు రాత్రులు నిద్రలేదు కదే నీకు" అని ఉంటుంది. రెండూ ఉంటాయి. మీ ఆఫీసు మనిషి రెండోది తీసుకుని మొదటిది వదిలేశాడు. తెనాలి అమ్మాయి మొదటిది పట్టుకుని రెండోది వదిలేసింది.

సందేహాల_సుబ్బు
పేచీ ఉపసంహరించుకుంటున్నాను. మీ క్లాసులో కూర్చుని ఉంటే తెలుగులో పాసయ్యేవాణ్ని.

తెనాలి_గూటికి
టీచరమ్మ గారూ, మీరు చెప్పినట్టు మొన్నటి పేజీలోనే ఎర్ర పెన్నుతో ఎవరి మాటో పక్కన రాశాను. "సర్దుకుపోవాల్సింది", పిన్ని. "వంట రాదు", అత్తగారు, పెళ్లయిన మొదటి నెలలో, నలుగురి ముందు. "మాట పడను", ఆయన. "ఓపిక లేదు", ఆయనే. "నాలాంటిదానికి ఇలాగే అవుతుంది" అనేదొక్కటే ఎవరూ అనలేదు. అది నాదే.

ఉత్తరం కూడా రాయబోయాను. సిగ్గేసింది. మొదటి నాలుగు లైన్లు కొట్టేశాను. ఆ తర్వాత వచ్చింది ఇది, ఎలా ఉందో తెలియదు:

"ఏమే, ఇవాళ ఏమీ చేయలేదన్నావు. పొద్దున ఆఫీసు కాల్ రెండు గంటలు నడిచింది, నాన్న షుగర్ టెస్టుకి నువ్వే తీసుకెళ్లావు. దాన్ని ఏమీ చేయకపోవడం అనరు. పిన్నికి నువ్వు ఫోన్‌లో ఏమీ చెప్పలేదు, ఎందుకంటే చెప్పినా ఆవిడ వినదు. అది ఓపిక లేకపోవడం కాదు. వంట మాత్రం నీకు నిజంగానే రాదు. పప్పు వరకు ఫర్వాలేదు."

ఎడిసన్_ఆవకాయ
చివరి లైన్‌కి గట్టిగా నవ్వాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు.

సగం_సైకాలజీ
అక్కా, ఆ ఉత్తరంలో "ఎందుకంటే" ఉంది చూడండి. పెన్నెబేకర్ బృందం జనం రాసిన కాగితాల్లో మాటల్ని కంప్యూటర్‌తో లెక్కపెట్టించింది. రోజులు గడిచేకొద్దీ కారణం చెప్పే మాటలు, "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. 1997లో వచ్చింది ఈ పేపర్. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే కథ ఒకేలా రాసినవాళ్లకి పెద్దగా ఒరిగిందేమీ లేదు.

మిర్చిబజ్జీ_బ్యాచ్
నాకు వంట వచ్చు, డైరీ రాదు. ఎవరికైనా బజ్జీల కొలత కావాలంటే ఇంకో చర్చ పెడతాను.

గోదారిగట్టు
సరే, రాయడం మానెయ్ అన్న మాట ఈ అమ్మాయి విషయంలో వెనక్కి తీసుకుంటున్నాను. అందరి విషయంలో కాదు. కొంతమందికి చేత్తో ఏదో ఒక పని చేస్తేనే మనసు నిలుస్తుంది, అక్షరం పెడితే చెదురుతుంది. వాళ్లని బలవంతపెట్టొద్దు. రాత్రిపూట రాయడం మాత్రం ఎవరికీ మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

సగం_సైకాలజీ
రాత్రికి ఒకటి మాత్రం పనికొస్తుంది గోదారి గారూ. బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కల్లిన్ 57 మందిని ల్యాబులో పడుకోబెట్టి చూశాడు, 2018 నాటి పేపర్. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనుల గురించి రాసినవాళ్ల కంటే దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. కాబట్టి బాధల పుస్తకం పగటిపూట, పనుల చీటీ రాత్రి.

నల్లకోటు
పనుల చీటీ కోర్టుకి వచ్చినా నష్టం లేదు.

తెనాలి_గూటికి
ఇక్కడ అందరికీ ఒక అప్‌డేట్. కౌన్సెలర్‌కి రెండు పేజీలూ చూపించాను, ఎర్ర పెన్నుదీ, ఉత్తరమూ. రోజూ రాయొద్దు, వారానికి ఒకట్రెండు సార్లు చాలు, అదీ మధ్యాహ్నం, ఫోన్‌లో 20 నిమిషాలకి అలారం పెట్టుకుని రాయమన్నారు. అలారం మోగితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాలట. మిగతా రోజులు ఏం చేశానో పొడిగా రెండు లైన్లు. అద్భుతాలేమీ జరగలేదు. నిద్ర కాస్త నయం. పిన్ని మళ్లీ ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు, దాని గురించి ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు కూడా. అమ్మకి మాత్రం డాక్టరమ్మ రాయమందని చెప్పేశాను. "ముందే చెప్పొచ్చుగా, ఆఫీసు పని అనుకున్నా" అంది. చదవనని ఒట్టేమీ వేయలేదు కానీ దుప్పట్లు నన్నే మార్చుకోమంది.

రామకోటి_మనవరాలు
అది ఒట్టు కంటే ఎక్కువ.

ఇద్దరు_పిల్లల_తల్లి
మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి. నాది తిరగేసిన సమస్య. మా పాప తొమ్మిదో తరగతి. ఈ మధ్య డైరీ రాస్తోంది, మనిషి ముభావంగా ఉంటోంది, అన్నం సరిగ్గా తినట్లేదు. నిన్న పుస్తకాల అర సర్దుతుంటే ఆ డైరీ చేతికొచ్చింది. ఇంకా తెరవలేదు. చదవాలా వద్దా?

కరీంనగర్_పోరడు
అస్సలు తెరవద్దక్కా. చిన్నప్పుడు నాది మా నాయన చదివిండు, చదివి చుట్టాలందరికీ వినిపించిండు. ఇప్పటికీ నేను ఇంట్ల ఏం రాయను.

గోదారిగట్టు
నేనైతే చదివేస్తాను. ఆ వయసు పిల్లలు ఏ ఊబిలో ఉన్నారో ఎవరికి తెలుసు. తర్వాత తిడితే పడతాను.

సగం_సైకాలజీ
ముందు అడగండి. "నీ డైరీ కనిపించింది, తెరవలేదు, కానీ నువ్వు తినట్లేదు, నాకు బెంగగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. తను ప్రమాదంలో ఉందని గట్టిగా అనిపిస్తే మాత్రం ప్రైవసీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీమానస్ 14416 కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. డబ్బులు అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు చేసినా సరే, పాప చేసినా సరే.

టీచరమ్మ_విశ్రాంతి
కూర్చోబెట్టి అడక్కు తల్లీ, బిగుసుకుపోతారు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, జడ వేసేటప్పుడో అడుగు. మొహాలు ఎదురెదురుగా లేకపోతే పిల్లలు చెప్తారు.

ఇద్దరు_పిల్లల_తల్లి
జడ వేస్తూ అడిగాను. మొదట ఏం లేదంది. రెండో జడకి చెప్పింది. ట్యూషన్‌లో సారు మార్కులు పైకి చదివి నవ్విస్తాడట, తన లావు మీద కూడా ఏవో అంటాడట. చచ్చిపోవాలని లేదు కానీ ట్యూషన్‌కి వెళ్లాలని లేదు అంది. రేపటి నుంచి మాన్పించేస్తున్నాం. సారుతో వాళ్ల నాన్న మాట్లాడతారు. తిండి సంగతి ఇంకో వారం చూసి, మారకపోతే డాక్టరుకి చూపిస్తాను. డైరీ పెట్టుకోవడానికి తాళం ఉన్న పెట్టె కావాలంది, కొనిచ్చాను.

సందేహాల_సుబ్బు
పెట్టెకి రెండు తాళంచెవులు ఇస్తారే. రెండోది ఎవరి దగ్గరుంది?

ఇద్దరు_పిల్లల_తల్లి
షాపులోనే రెండూ లాక్కుంది సుబ్బు గారూ.